వాదర

మంగలి కత్తి కొత్తగా కొనేవాడు మొదట తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. అంగడిలో దొరికేది కత్తి కాదు, కత్తి ఆకారంలో ఉన్న లోహపు ముక్క. దాన్ని కత్తిగా చేసేవి సానరాయి, తోలుపట్టీ, చెయ్యి. ఈ మూడూ కుదరకపోతే ఎంత ఖరీదు పెట్టి కొన్నా గడ్డం తెగదు, చర్మం తెగుతుంది. ఈ మాట నాది కాదు. మా హోసూరులో 50 ఏళ్ళకు పైగా క్షౌరవృత్తి చేసి, చేతులు వణకడం మొదలయ్యాక మానుకున్న ఒక పెద్దాయనది. తన పేరు పత్రికలో వేయవద్దన్నాడు. నేను ఆయన్ని మామా అని పిలుస్తాను. ఇక్కడా అలాగే రాస్తాను.

మా ఊళ్ళో సెలూను బోర్డుల మీద తమిళంలో 'ముడి తిరుత్తుం నిలయం' అని ఉంటుంది. వెంట్రుకలు దిద్దే చోటు అని అర్థం. సరిహద్దు దాటి అత్తిబెలె వెళితే అదే కన్నడంలో 'క్షౌరద అంగడి' అవుతుంది. లోపల కుర్చీలో కూర్చున్నాక నడిచే కబుర్లలో మాత్రం తెలుగు ఎక్కువ. కత్తి అన్న మాటకైతే ఏ తగాదా లేదు. మూడు భాషల్లోనూ కత్తి కత్తే.

నేను ఈ వయసులో కత్తి పట్టడానికి కారణం మా నాయన. ఆయనకు 83 ఏళ్ళు. మంగళవారం సెలూన్లకు సెలవు గనుక బుధవారం పొద్దున్నే మామ పొది చంకన పెట్టుకుని మా ఇంటికి వచ్చేవాడు. నాయనకని వేరే ఒక కత్తి మా ఇంట్లోనే ఉండేది. ముప్పై ఏళ్ళు నూరగా నూరగా అది సగానికి సగం సన్నబడింది. రెండేళ్ళ కిందట దాని అంచున వెంట్రుకంత పగులు కనిపించింది. మామ దాన్ని గుడ్డలో చుట్టి పక్కన పెట్టేశాడు. ఇంచుమించు ఆ రోజుల్లోనే ఆయన చెయ్యీ వణకసాగింది. ఒకరి గొంతు దగ్గర పెట్టే చెయ్యి వణకకూడదని తానే మానుకున్నాడు.

ఆ తర్వాత నాయన గడ్డం మాకు పెద్ద సమస్య అయి కూర్చుంది. ముసలితనంలో చర్మం పలచబడి ముడతలు పడుతుంది. మూడు బ్లేళ్ళ రేజరు ఆ ముడతల్లో ఇరుక్కుని లాగుతుంది. రెండు రోజులకు దవడంతా ఎర్రటి పొక్కులు లేచేవి. సెలూన్లలో వాడే సగం బ్లేడు పెట్టే కత్తి తీసుకుందామంటే మామ వద్దన్నాడు. "అది పలచగా ఉంటాది నాయనా, కొత్త చేతికి కరుస్తాది. తోలు మీద ఆడించిన కత్తి మెత్తగా పోతాది. నువ్వే నేర్చుకో. ముందు నీ మొగం మీద" అన్నాడు.

పది వేలు పోసి కత్తి కొన్నాక చెయ్యి కుదరకపోతే ఏం చేయాలి? అందుకని మొదట 350 రూపాయలకు ఒకటి తెప్పించాను. చూడ్డానికి బాగానే ఉంది. అద్దంలా మెరుస్తోంది, పిడి చెక్కది. దాన్ని తీసుకుని మామ ఇంటికి వెళ్ళాను.

ఆయన కత్తిని తెరిచి ముందు పదును చూడలేదు. గోడకున్న అద్దం దింపి, బల్ల మీద వెల్లకిలా పెట్టి, దాని మీద కత్తిని పడుకోబెట్టాడు. "వెన్ను, వాదర రెండూ ఆనాల. చూడు" అన్నాడు. వంగి చూశాను. నడిమి భాగంలో వాదర కింద సన్నగా వెలుతురు కనిపిస్తోంది.

వాదర అన్న మాట నేను అంతవరకు ఎవరి నోటా వినలేదు. కత్తి అంచు అని అర్థం. ఇంటికి వచ్చి నిఘంటువు తీస్తే ఉంది. పుస్తకాల్లో పడుకుని ఉందనుకున్న మాట మా వీధి చివర ఇంట్లో రోజూ పని చేస్తోంది!

ఆ చౌక కత్తి ఎందుకు పనికిరాదో మామ వేళ్ళు మడిచి చెప్పాడు. ఒకటి, అది మెలితిరిగి ఉంది. రాతి మీద పెడితే కొంత తగులుతుంది, కొంత తగలదు. రెండు, లోహం పచ్చిది. క్షవరపు కత్తికి మంచి ఉక్కు కావాలి, నూటికి ఇంచుమించు ఒక పాలు బొగ్గుసారం ఉన్నది. దాన్ని కాల్చి, చల్లార్చి, మళ్ళీ సన్నని వేడి మీద పదనిచ్చి గట్టిపరచాలి. మెత్తటి ఉక్కుకు పదును ఎక్కదు, ఎక్కినా నిలవదు. మూడు, కార్ఖానాలో సానచక్రం మీద తొందర తొందరగా అరగదీస్తే అంచు వేడెక్కి, ఉన్న గట్టితనమూ పోతుంది. నాలుగు, మడిచినప్పుడు కత్తి పిడి మధ్యలోకి దిగకుండా ఒక పక్కకు ఒరిగి పిడిని తాకుతుంది. అంటే మూసిన ప్రతిసారీ అంచు దెబ్బతింటుంది.

"ఇది కత్తి కాదు నాయనా, కత్తి బొమ్మ" అని తేల్చేశాడు. నేను లోపల పెట్టేయబోతుంటే మళ్ళీ తనే ఆపాడు. "పారెయ్యొద్దు. తోలు మీద ఆడించేది దీంతోనే నేర్చుకో. మంచి కత్తితో నేర్చుకుంటే కత్తీ పోతాది, తోలూ పోతాది."

ఆ నెలంతా గడ్డం జోలికే పోలేదు. కిటికీ ఊచకు 600 రూపాయల తోలుపట్టీ తగిలించి, కింది కొసను ఎడమ చేత్తో బిగలాగి పట్టుకుని, రోజూ 50 సార్లు కత్తిని ఆడించడమే పని. ముందు గుడ్డ పట్టీ మీద, తర్వాత తోలు మీద. కత్తి ఎప్పుడూ వెన్ను ముందుగా కదలాలి, వాదర వెనక రావాలి. కొసకు వచ్చాక తిప్పేటప్పుడు కత్తి వెన్ను మీద దొర్లాలి. వాదర మీద తిప్పితే తోలు తెగుతుంది, పదును చస్తుంది. నొక్కకూడదు. కత్తి బరువే చాలు. తోలు లోహాన్ని కొయ్యదు. గడ్డానికి తగిలి అటూ ఇటూ వంగిన అంచును మళ్ళీ వరసలోకి తెస్తుంది. సాన వేరు, తోలు వేరు. సాన నెలల కొకసారి, తోలు ప్రతి క్షవరానికీ. మామ మడత మంచం మీద కూర్చుని కళ్ళు మూసుకుని వినేవాడు. చప్పుడు ఒకే తీరుగా వస్తే తల ఊపేవాడు, మారితే "వెన్ను లేచింది" అనేవాడు. ఆయన అన్నగారు గుళ్ళో నాదస్వరం వాయించేవారు. వాళ్ళ ఇళ్ళలో కత్తి, మేళం రెండూ పక్కపక్కనే పెరిగాయి. ఆ చెవికి శ్రుతి తప్పితే దొరికిపోతుంది.

ఇలా తోలు మీద ఆడించే మధ్యలో ఆయన పాత సంగతులు చెప్పేవాడు. అమెరికాలో జిల్లెట్ కంపెనీ 1903లో రేజరు అమ్మకం మొదలుపెట్టినప్పుడు, నూరక్కర్లేదు, తోలు మీద రుద్దక్కర్లేదు అన్నదే దాని ప్రచారం. మగవాడు తన గడ్డం తానే గీసుకోవడం అప్పటి నుంచి సులువైంది. అయినా మన ఊళ్ళలో మంగలి కత్తి ఇంకో ఎనభై ఏళ్ళు చెక్కుచెదరలేదు. దాన్ని ఆపింది బ్లేడు కాదు, భయం. 1986లో అప్పటి మద్రాసులో మన దేశంలో మొదటిసారిగా ఎయిడ్స్ క్రిమి జాడ రక్తపరీక్షల్లో బయటపడింది. తర్వాతి పదేళ్ళలో సెలూనుకు వచ్చే ప్రతివాడూ "కొత్త బ్లేడు వెయ్యి" అనడం మొదలుపెట్టాడు. అడగడం న్యాయమే. ఒకే కత్తి పది మందికి తగలడం మంచిది కాదు. మామ కూడా సగం బ్లేడు కత్తికి మారాడు. మా నాయనకు మాత్రం ఒక మనిషికి ఒక కత్తి అనే లెక్కన పాతది ఉంచాడు. ఇప్పుడు నేను నేర్చుకున్నదీ ఆ లెక్కనే. ఇంట్లో నాకొకటి, ఆయనకొకటి.

బ్లేడు మారాక సానరాయితో పని లేకపోయింది. సానరాయితో పాటు దాని మాటలూ పొదిలోనే ఉండిపోయాయి. మామ కొడుకు బెంగుళూరులో కంప్యూటరు ఉద్యోగం చేస్తున్నాడు. దానికి మామకు చింత ఏమీ లేదు, సంతోషమే. "మా కులం పేరే తిట్టుగా వాడినారు నాయనా. నా కొడుకు ఆ తిట్టు వినకూడదనే చదివించినాను" అన్నాడు. మామ ముందు పనితనం పోతోందని నేను బాధపడటం ఎబ్బెట్టుగా ఉంటుంది. ఆ పనితనానికి ఏ గౌరవం దక్కిందో ఆయనకే తెలుసు. మా ఇంట్లోనూ ఆయన పెరటి అరుగు దాటి లోపలికి వచ్చిన రోజులు తక్కువ. "ఇన్నేండ్లూ పెద్ద పెద్దోళ్ళంతా తల వంచినారు, కత్తికి. నాకు కాదు" అని ఒకసారి నవ్వుతూనే అన్నాడు.

మంచి కత్తి కోసం ఇద్దరం ఒక ఆదివారం తెల్లవారుజామున బెంగుళూరు బస్సెక్కాం. చిక్కపేట పక్కన ఆదివారం పొద్దున్నే పాత సామాన్ల సంత జరుగుతుంది. చోర్ బజార్ అంటారు. తాళాలు, గడియారాలు, ఇత్తడి కుళాయిలు, ట్రాన్సిస్టర్లు, అన్నీ నేల మీద గోనెపట్టాల మీద పోసి ఉంటాయి. కత్తులు నాలుగైదు చోట్ల కనిపించాయి. మామ చూసిన పద్ధతి కొత్తవాళ్ళందరికీ పనికివస్తుంది గనుక రాస్తున్నాను.

తుప్పు వెన్ను మీద ఉంటే ఫరవాలేదు, వాదర మీద గుంటలు గుంటలుగా ఉంటే వదిలెయ్యాలి. అంచును వెలుతురుకు ఎదురుగా పట్టి చివరి నుంచి చివరికి చూడాలి. పగులు ఉంటే ఎంత చవకైనా వద్దు. వెన్ను ఒక చోట ఎక్కువ, ఒక చోట తక్కువ అరిగి ఉంటే దాన్ని ఎవరో చేతకాకుండా నూరారన్నమాట. వెడల్పు అంగుళంలో ఎనిమిదింట అయిదు వంతులు ఉంటే కొత్త చేతికి సరిపోతుంది. మరీ వెడల్పుది బరువు, మరీ సన్నది నిలకడ లేదు. ముక్కు గుండ్రంగా ఉండాలి. చదరపు ముక్కు చెవి దగ్గర గుచ్చుకుంటుంది. ఆఖరుగా వాదరను బొటనవేలి గోటితో ఇలా అలా మీటాలి. లోపలికి గుంటగా సానపట్టిన పలచని కత్తి సన్నగా మోగుతుంది. మామ ఒక్కొక్కటీ చెవి దగ్గర పెట్టుకుని మీటుతుంటే అమ్మేవాడు వింతగా చూశాడు.

ఆరోదో ఏడోదో మోగింది. నల్లటి పిడి, తోక మీద అరిగిపోయిన అక్షరాల్లో జోలింగెన్ అని ముద్ర. జోలింగెన్ జర్మనీలో కత్తులకు పేరుపడ్డ ఊరు. అక్కడ తయారైనవాటికే ఆ పేరు వెయ్యాలని 1938లో చట్టమే చేశారు. మామ తండ్రి వాడింది ఆ ఊరి కత్తేనట. 1,200 రూపాయలకు బేరం కుదిరింది.

కత్తి అయితే వచ్చింది. పదును? అది ఇంట్లో పని. నీటిలో తడిపి వాడే రాళ్ళు రెండు, 1,000 నంబరుదీ 8,000 నంబరుదీ, 2,500 పెట్టి కొన్నాను. నంబరు పెరిగేకొద్దీ రాయి నునుపు. కత్తిని పడుకోబెట్టి, వెన్ను, వాదర రెండూ రాతిని తాకేలా వాదర ముందుగా తోయాలి. ఇక్కడే ఆ కత్తిని రూపించినవాడి తెలివి తెలుస్తుంది. కోణం మనం లెక్కపెట్టక్కర్లేదు. వెన్ను మందమే కోణాన్ని కాపాడుతుంది. ఇన్నేళ్ళు నూరినా వెన్నూ వాదరా కలిసే అరుగుతాయి గనుక కోణం పెద్దగా మారదు. అద్దం మీద ఆనని చౌక కత్తికి లేనిది ఈ ఒక్క గుణమే. మామ తన రాయి కూడా చూపించాడు, వాళ్ళ నాయన నాటిది, నల్లనిది, నడుమ పల్లంపడింది. "దీని మీద నూరినవన్నీ పోయినాయి, రాయి ఉంది" అన్నాడు. రెండు సాయంత్రాల పని తర్వాత నా తల వెంట్రుక ఒకటి పీకి వాదర మీద వాల్చాడు. చప్పుడు లేకుండా తెగి పడింది.

ఈ ఉక్కు గురించి ఒక ముచ్చట ఉంది. 1795లో జార్జ్ పియర్సన్ అనే ఆయన లండను రాయల్ సొసైటీకి ఒక వ్యాసం సమర్పించాడు. భారతదేశం నుంచి వచ్చిన 'వూట్జ్' అనే లోహం గురించి. ఆ వూట్జ్ మన ఉక్కేనని, మాట మాత్రం దొరల నోట్లో అలా తిరిగిందని పండితులు ఎక్కువమంది చెబుతారు. ఉక్కు తెలుగూ, కన్నడమూ. తమిళంలో ఉరుక్కు. జేమ్స్ స్టోడార్ట్ అని లండనులో కత్తులు చేసే ఒకాయన సన్నని పదునుకు ఈ ఉక్కునే మెచ్చుకున్నాడు. 1820 ప్రాంతంలో మైకేల్ ఫారడే ఆయనతో కలిసి దీని గుట్టు తెలుసుకోవాలని ఉక్కులో వెండి, ఇంకా ఏవేవో కలిపి ప్రయోగాలు చేశాడు. ఆ తర్వాత చాలా కాలం షెఫీల్డు క్షవరపు కత్తుల మీద 'సిల్వర్ స్టీల్' అన్న ముద్ర వేసేవారు. నిజామాబాదు వైపు కోనసముద్రంలో చేసే ఉక్కు ముద్దల కోసం పారశీక వర్తకులు వచ్చేవారు. సేలం సీమలోనూ ఉక్కు చేసేవారు. 1965 దాకా మా హోసూరు సేలం జిల్లాలోదే. మామకు ఇదంతా చెబితే, "ఉక్కు మనది, మాట మనది, కత్తి మాత్రం జర్మనీ నుంచి రావాల్సి వచ్చింది" అని ఊరుకున్నాడు.

ఇక గడ్డం. మొదటి వారం చెంపలు మాత్రమే గీసుకోమన్నాడు. గడ్డం కింద, మూతి దగ్గర మామూలు రేజరుతోనే. వేడి నీళ్ళ తువ్వాలు రెండు నిమిషాలు, ఆపైన కుంచెతో నురుగు. నురుగు పెరుగులా ఉండాలి కానీ బుడగలుగా ఉండకూడదు. రెండో చేత్తో చర్మం బిగలాగాలి. కత్తికీ చెంపకీ మధ్య 30 డిగ్రీల వాలు. అంతకు లేస్తే కోస్తుంది, అంతకు పడుకుంటే లాగుతుంది. వెంట్రుక మొలిచిన వాలునే గియ్యాలి. ఎదురు వాలు మొదటి నెల అసలు వద్దు. అయిపోయాక కత్తిని కడిగి, పొడిగా తుడిచి, చుక్క మిషను నూనె రాయాలి. ఈ రకం ఉక్కుకు తడి శత్రువు. మా హోసూరు చలికాలపు తేమకు ఒక్క రాత్రిలో చారలు పడతాయి.

మూడు నెలలు నా ముఖం మీదే సాగింది. నాలుగో నెలలో ఒక బుధవారం నాయనను కిటికీ దగ్గర కూర్చోబెట్టాను. ఆయన కత్తి కోసం మామతో వెళ్ళి అదే సంతలో ఇంకొకటి తెచ్చాను. మామ హాల్లో కుర్చీ వేసుకుని నా మోచేయి పక్కనే కూర్చున్నాడు. నాయన కళ్ళు మూసుకున్నాడు. సొంత చెంప మీద తెలిసే బిగువు ఇంకొకరి చెంప మీద తెలియదు. వేలితో వెతుక్కోవాలి. ముడత ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, వెంట్రుక ఏ పక్కకు వాలిందో, అంతా వేలే చెప్పాలి. నా కన్నతండ్రి ముఖాన్ని అంత దగ్గరగా, అంత నిదానంగా నేను ఎన్నడూ తాకలేదు. మామ రెండే మాటలన్నాడు. ఒకసారి "వెన్ను దించు", ఇంకోసారి "ఊపిరి తీసుకో, ఆయనా తీసుకోనీ". మామూలుగా పది నిమిషాల పని నలభై నిమిషాలు పట్టింది. నాయన దవడ తడుముకుని, "ఎడమ పక్క ఇంకా వీడి చెయ్యి రాలేదు, ఆయన చెయ్యే బాగు" అన్నాడు. అరవై ఏళ్ళలో నాయన మామను ఆయన అనడం నేను వినడం అదే మొదలు. మామ విన్నాడో లేదో తెలియదు, తువ్వాలు పిండుతున్నాడు.

పొక్కులు ఆ వారం రాలేదు, తర్వాతా రాలేదు.

ఖర్చు అడిగేవాళ్ళకు లెక్క చెబుతాను. చౌక కత్తి 350, తోలు 600, రాళ్ళు 2,500, నా పాత కత్తి 1,200. మొత్తం 4,650. అందులో కత్తికి పోయింది మూడో వంతు, పదునుకు పోయింది రెండు వంతులు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు మంచి కత్తికి మారాలనుకుంటే ఈ పాళ్ళు గుర్తుంచుకుంటే చాలు. ఖరీదైన కొత్త కత్తి కావాలనిపిస్తే ఆ తర్వాత ఎప్పుడైనా కొనుక్కోవచ్చు. నాకు ఇంకా అనిపించలేదు.

మామ దగ్గర విన్న మాటలు ఒక నోటుపుస్తకంలో రాసుకుంటున్నాను. వాదర, వెన్ను, తోక, ముక్కు, పిడి, పొది, సాన, వాలు, ఎదురు వాలు. ఇరవై దాటలేదు. ఇంకా ఉండాలి. బరంపురంలో, బళ్ళారిలో, షోలాపురంలో, కోవిల్‌పట్టిలో, యానాంలో ఈ పత్రిక చదివేవాళ్ళ ఇళ్ళకు కూడా పొది పట్టుకుని వచ్చినవాళ్ళు ఉంటారు, ఆ వృత్తి ఇళ్ళవాళ్ళూ ఉంటారు. కత్తిని ఆడించే తోలును మీ పెద్దలు ఏమనేవారు? మామ ఉత్త తోలు అనే అంటాడు. దానికి వేరే పేరొకటి ఉండేదనీ, వాళ్ళ నాయన వాడేవాడనీ, ఇప్పుడు నోటికి రావడం లేదనీ చెప్పాడు. మీలో ఎవరికైనా తెలిస్తే పత్రికకు ఒక కార్డు ముక్క రాయండి. ఆయన ఉండగానే వినిపించాలి.